వేసవిలో పాడి గేదెల పోషణ

మార్చి నుండి తొలకరి వరకు ఎండ తీవ్రత వలన పాడి గేదెల పాలు, చూలు, ప్రాణం దెబ్బతినకుండా కాపాడే పద్ధతులను వేసవి పోషణ అంటారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మే నెలలో పలుచోట్ల ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది కనుక ఇక్కడి పాడి రైతుకు ఇది కీలకమైన విషయం.

ఎండ ప్రభావం

గేదె చర్మం నల్లనిది, రోమాలు పలుచన. అందుచేత ఎండను త్వరగా గ్రహిస్తుంది. చెమట గ్రంథులు ఆవుకంటే తక్కువ కావడం వలన ఆ వేడిని త్వరగా వదిలించుకోలేదు. నీటిలో పడుకొని శరీరాన్ని చల్లబరచుకోవడం దాని సహజ లక్షణం. కృష్ణా, గోదావరి డెల్టాలలో వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ఈ వసతి పోతుంది. అప్పుడు రోజుకు రెండు మూడు సార్లు నీటితో కడగాలి. పాకకు తడి గోనె పట్టాలు కట్టడం మెట్ట ప్రాంతాలలో మేలు చేస్తుంది. ఉక్కపోత ఎక్కువైన కోస్తాలో మాత్రం గాలి ఆడకుండా పట్టాలు కడితే కీడే ఎక్కువ.

మేత, నీరు

మేత జీర్ణమయ్యేటప్పుడు పొట్టలో వేడి పుడుతుంది. కాబట్టి ఎండుగడ్డిని తెల్లవారుజామున, రాత్రి వేళ వేయడం మంచిది. పచ్చిమేత దొరకనప్పుడు 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను నీటిలో కరిపి చల్లి, గాలి చొరకుండా కప్పి మాగబెట్టి వాడతారు. యూరియాను విడిగా గాని, ఆ నీటిని గాని పశువు తాగితే ప్రాణాపాయం. చల్లని తాగునీరు ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి.

నాము

కోసిన జొన్న మోళ్ల నుండి తిరిగి వచ్చే పిలకలను నాము అంటారు. వీటిలోను, వానలేక గిడసబారిన లేత జొన్నలోను ఉండే ధుర్రిన్ అనే పదార్థం నుండి పశువు పొట్టలో హైడ్రోసయానిక్ ఆమ్లం విడుదలవుతుంది. పచ్చిమేతకై అలమటించే పశువులు తొలి జల్లులకు చిగిర్చిన ఈ పిలకలను ఆత్రంగా మేస్తాయి. ఆయాసం, నోటి నురగ, వణుకు, తూలి పడిపోవడం దీని లక్షణాలు. విషం ఎక్కువైతే నిమిషాలలోనే మరణం సంభవించవచ్చు. పశువైద్యుడు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులను నరానికి ఎక్కిస్తారు. వైద్యుడు వచ్చేలోగానే ప్రాణం పోయే అవకాశం ఉన్నందున, పూతకు రాని జొన్నచేలోకి, కోసిన మోళ్లలోకి పశువులను వదలకపోవడమే ఉత్తమం.

మూగ ఎద

వేసవిలో గేదె ఎదకు వచ్చినా అరవదు. లక్షణాలు రాత్రివేళ కొద్దిగా కనిపించి పోతాయి. దీనిని మూగ ఎద అంటారు. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఏప్రిల్, మే నెలలలో చూలు నిలవని గేదె ఆ మరుసటి ఫిబ్రవరి, మార్చి నెలలలో ఈనదు. మరుసటి వేసవిలో పాల కొరతకు ఇదొక కారణం. కనుక తెల్లవారకముందే పాకలోకి వెళ్లి తీగలు, తోక ఎత్తి ఉంచడం వంటి గుర్తులను గమనించాలి.

తొలకరికి ముందే గొంతువాపు, జబ్బవాపు వ్యాధులకు టీకాలు వేయించాలి.