పైపు పుట్టుక: ఒక పునఃపరిశీలన

తోటలో నీటిగొట్టములను అతికించినట్లు ఒక ప్రోగ్రాము ఫలము మరియొకదానికి చేరునట్లు ప్రోగ్రాములను సంధింపవలెనని 1964లో బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెకిల్‌రాయ్ కోరెననియు, 1973లో కెన్ థాంప్సన్ దానిని యూనిక్స్‌లో ఒక్క రాత్రిలో సాధించెననియు చెప్పి పైపు చరిత్రమును ముగించుట పరిపాటి. అది సి భాషాప్రసాదమని తలచువారును కలరు.

ఈ రెండవ తలంపు తేదీలముందు నిలువదు. 1973 ఫిబ్రవరి నాటి మూడవ కూర్పు మాన్యువల్‌లోనే పైపు కలదు. కెర్నెల్‌ను సి భాషలో తిరిగి వ్రాసినది ఆ వేసవిలో. సి దానిని వ్యాపింపజేసినదే గాని పుట్టింపలేదు.

మొదటి కథ అసత్యము గాదు, అసమగ్రము. భావమొక్కటే చాలునేని తొమ్మిదేండ్లు ఏల కడచెను? డార్ట్‌మత్ టైమ్‌షేరింగ్ వ్యవస్థలో ఇట్టి సంధానము ముందే కలదని యూనిక్స్ సహనిర్మాత డెనిస్ రిచీయే అంగీకరించి, దాని శక్తి అచట పూర్ణముగా వినియోగపడినట్లు కానరాదనెను. నా దృష్టిలో యూనిక్స్‌లో అది ఫలించుటకు ప్రధానకారణము, కొత్త ప్రాసెస్‌ను పుట్టించు ఫోర్క్ అను పిలుపు. దానివలన పుట్టిన పిల్ల ప్రాసెస్, తండ్రి తెరచియుంచిన ఫైళ్లనెల్ల వారసత్వముగా పొందును. ఫైలైనను టెర్మినలైనను రీడ్, రైట్ అను పిలుపులే చాలును. ఇవి ముందే స్థిరపడియుండుటచే థాంప్సన్‌కు మిగిలినది ఇరుకొనల బఫరును కూర్చుట, ఫైలుపేరునే కోరు ఆజ్ఞలను ప్రామాణిక ఇన్‌పుట్ చదువునట్లు దిద్దుట. ఈ దిద్దుబాటు లేనిచో పైపు ఉండియు నిరుపయోగమే. 1983లో ఎమ్మెస్-డాస్ రెండవ కూర్పు పైపును సూచించు నిలువుగీత గుర్తునే స్వీకరించినను, ఏకకాలమున నడచు ప్రాసెస్‌లు లేమిచే, మొదటి ప్రోగ్రాము ఫలమును తాత్కాలిక ఫైలులో నింపి, అది ముగిసిన పిదపనే రెండవదానిని నడపెను. గుర్తు వచ్చినది గాని సహకారము రాలేదు.

పిమ్మట పీ-ఓపెన్, పేరుగల పైపులు, సాకెట్లు వచ్చెను. పైపును గూర్చిన నేటి బోధన మాత్రము తృప్తికరము గాదు. పైపు పిలుపు రెండు పూర్ణాంకముల శ్రేణిని నింపును: సున్నా స్థానమున చదువుకొన, ఒకటవ స్థానమున వ్రాతకొన. చదువు ప్రాసెస్ తన వ్రాతకొనను మూయ మరచినచో రీడ్ ఎన్నటికిని ముగింపును తెలుపు సున్నాను ఈయదు. ప్రోగ్రాము నిరీక్షణలోనే నిలిచిపోవును. లైనక్స్‌లో పైపు సాధారణముగా 65,536 బైట్లు మాత్రమే పట్టును. పిల్ల ముగియువరకు చదువక వేచియుండు తండ్రి, అంతకు మించిన దత్తాంశము రాగానే పిల్లతోకూడ స్తంభించును. ఒక పలకరింపు వాక్యమును పంపి చూపు చిన్న ఉదాహరణము ఈ దోషములను కప్పిపుచ్చును. కావున అధ్యాపకులు పెద్ద ఫైలొకటి పంపించి చూపుదురు గాక; అనవసరమైన కొనను మూయుటయు, రీడ్ ఇచ్చు ఫలమును పరీక్షించుటయు మొదటి పాఠముననే నేర్పుదురు గాక.