ముట్టడిలోని నగరమునకు మూడు నిమిషాలు

1994 ఏప్రిల్ 30వ తేదీ రాత్రి డబ్లిన్ నగరమందలి పాయింట్ థియేటరులో యూరోవిజన్ పాటల పోటీ జరుగుచుండగా, బోస్నియా పక్షమున పాడవచ్చిన ఆల్మా చార్జిచ్, డేయాన్ లాజరెవిచ్ వేదికపై అడుగిడినంతనే సభాభవనమంతయు కరతాళధ్వనులతో మారుమ్రోగెను. పాట ఇంకను ఆరంభము కాలేదు. ఆ మన్ననయంతయు రెండేండ్లుగా ముట్టడిలో, ఫిరంగుల నడుమ నలుగుచున్న బోస్నియా రాజధాని సరాయెవో నగరమునకే. ఆ సందడి మధ్య ఐర్లాండు వాద్యబృందము నెదుట నిలిచి పాటను నడిపించినవాడు సినాన్ అలిమానోవిచ్: స్వరకర్త, పియానో విద్వాంసుడు, వాద్యసంయోజకుడు.

ఆనాటి నియమము ప్రకారము ఆర్కెస్ట్రా ఆతిథ్యమిచ్చు దేశానిది, దానిని నడిపించువాడు సాధారణముగా పాట తెచ్చిన దేశమువాడు. గాయకుడు శ్వాస తీసుకొనుచోట వయొలిన్లు ఏ స్వరమున అందుకొనవలెనో, పల్లవి రెండవమారు వచ్చునప్పుడు ఇత్తడి వాద్యములు ఎంత బిగ్గరగా పలుకవలెనో ముందుగానే కాగితముపై వ్రాసి తెచ్చి, ముక్కుమొగము తెలియని వాద్యకారులచేత కొద్దిపాటి సాధనతోనే పలికించవలెను. వ్యవధి మూడే నిమిషములు. ఈ శ్రమను శ్రోత గుర్తింపడు. గుర్తించినచో అది సంయోజకుని లోపమేమో!

అంతకు ముందటి యేడు, 1993లో, గాయకుడు ఫాజ్లా తుపాకిగుండ్లకు గురియగు విమానాశ్రయపు రన్‌వేను రాత్రివేళ పరుగున దాటి సరాయెవో వెలుపలికి రాగా, ఐర్లాండులోని మిల్‌స్ట్రీటులో జరిగిన పోటీలో బోస్నియా పాటను నడిపించినవాడు ఐర్లాండువాడైన నోయెల్ కెలహన్. ఆ మరుసటి యేటినుండి నాలుగేండ్లు వరుసగా ఆ బాధ్యత అలిమానోవిచ్‌దే: 1995లో డావోరిన్ పోపోవిచ్‌కు, ముట్టడి తొలగిన కొలది నెలలకే 1996లో ఓస్లోలో అమిలా గ్లామోచాక్‌కు, 1997లో మరల ఆల్మాకు.

మార్కుల లెక్క మాత్రము దయ చూపలేదు. సభ అంతగా ఆదరించిన 1994 నాటి పాటకు దక్కినది 39 మార్కులతో 15వ స్థానము. డావోరిన్‌కు 14 మార్కులే. చప్పట్లు కొట్టిన చేతులు వేరు, మార్కులు వేసిన చేతులు వేరు. ఈ అంకెలనుబట్టి సంయోజకుని ప్రతిభను కొలుచుట నాకు సమ్మతము కాదు.

1998లో బోస్నియాకు పోటీలో చోటే లేకపోయెను. 1999లో జెరూసలేమున దీనో మెర్లిన్, బెయాత్రీస్‌తో కలిసి పాడి, ఆ దేశమునకు 7వ స్థానము తెచ్చెను. అయితే ఆ యేట ఆర్కెస్ట్రాయే లేదు, సంగీతమంతయు ముందుగా రికార్డు చేసినదే.