ఎండకు అలవాటుపడిన దేహం ఉంటుందా?

2014 జనవరి 14. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండు పోటీలు జరుగుతున్నాయి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది. కెనడా క్రీడాకారుడు ఫ్రాంక్ డాన్సెవిచ్‌కు మొదట తల తిరిగింది. తరువాత కార్టూను కుక్క స్నూపీ కళ్లముందు కనిపించిందని ఆయనే చెప్పారు. ఆపై స్పృహ తప్పి కోర్టులోనే పడిపోయారు. కొంతసేపటికి తేరుకుని ఆట ముగించి, ఓడిపోయారు. పత్రికలు దీనిని వింతగా రాశాయి. వైద్యుని దృష్టిలో ఇది వింత కాదు. లేనిది కనిపించడమంటే వేడి మెదడును తాకిందని అర్థం.

ఆ టోర్నీలో అత్యుష్ణ నిబంధన 1998 నుంచే ఉంది. అయినా ఆట ఆగింది 16వ తేదీన. మనిషి ఆఫ్రికా మైదానాల్లో ఎండలో వేటాడుతూ పరిణామం చెందినవాడనీ, వేడిలో శ్రమించడం అతని దేహానికి కొత్త కాదనీ టోర్నీ వైద్యుడు అప్పుడు వ్యాఖ్యానించారు. ఈ మాట మనకు సుపరిచితమే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో ఎవరినడిగినా అదే అంటారు: “మావోళ్లకు ఎండ కొత్తనా?”

ఈ మాటలో సగం నిజముంది. రోజూ కొంతసేపు ఎండలో పనిచేస్తే ఒకటి రెండు వారాల్లో దేహం సర్దుకుంటుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. అందులో ఉప్పు తగ్గుతుంది. కాని కొన్ని వారాలు పనికి దూరమైతే ఈ అలవాటు పోతుంది. వేసవి మొదటి రోజులు, పనిలో చేరిన తొలి రోజులు అందుకే ప్రమాదకరం. ఎంత అలవాటున్నా దేహం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడితే అది వడదెబ్బే. చరిత్ర నేర్పిన పాఠం కూడా ఇదే.

ఆ పాఠాన్ని మొదట శ్రద్ధగా చదివింది సైన్యం. 1950వ దశకంలో అమెరికాలోని పారిస్ ఐలండ్ శిక్షణ శిబిరంలో కొత్త సైనికులు వడదెబ్బకు గురవుతుంటే, యాగ్లూ, మినార్డ్ అనే పరిశోధకులు ఒక కొలమానం రూపొందించి 1957లో ప్రచురించారు. అందులో తడిబట్ట చుట్టిన ఉష్ణమాపకానికి పదింట ఏడు వంతులు, ఎండలో ఉంచిన నల్లగోళానికి రెండు వంతులు, మామూలు ఉష్ణమాపకానికి ఒక వంతు విలువ. గాలిలో తేమ పెరిగితే చెమట ఆరదు, చెమట ఆరకపోతే దేహం చల్లబడదు. మామూలు ఉష్ణమాపకం చూపని ముప్పును తడిబట్ట చూపుతుంది. ఆస్ట్రేలియన్ ఓపెన్ 2019లో గాలి వేడి, ఎండ తీవ్రత, తేమ, గాలి వేగం కలిపి 1 నుంచి 5 వరకు ఒక సూచీ పెట్టుకుంది. 4 దగ్గర అదనపు విరామం, 5 దగ్గర ఆట నిలిపివేత.

ఇక మన వైపు చూద్దాం. 2016 వరకు ఈ మూడు జిల్లాలూ ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో భాగం. ఒక పక్క కృష్ణ, మరో పక్క తుంగభద్ర పారుతున్నా పొలాలు ఎండిన నేల ఇది. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, కుటుంబాలకు కుటుంబాలు వలసపోయాయి. నాగార్జునసాగర్, శ్రీశైలం మొదలుకొని ఎన్నో ప్రాజెక్టుల మట్టిని మోసినది పాలమూరు లేబరు. ఆ పనిస్థలంలో తడిబట్ట ఉష్ణమాపకం లేదు, ఆట ఆపే అంపైరూ లేడు. టెన్నిస్ ఆటగాడు ఓడిపోతే ఇంటికి వెళతాడు. అడ్వాన్సు తీసుకున్న కూలీ ఆగితే అప్పు పెరుగుతుంది. “అలవాటే” అన్న మాట అక్కడ వైద్య సత్యం కాదు, గత్యంతరం లేనితనానికి మారుపేరు.

2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బ మృతులు వేలల్లో ఉన్నారు. 2015లో దేశవ్యాప్తంగా రెండువేల మందికి పైగా మరణించగా, అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. ఎండకు అందరికంటే అలవాటుపడ్డ ప్రజలు వీరే కదా! 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. మంచి నిర్ణయం. అయితే చేలో కూలిపోయినవారి మరణం గుండెపోటుగా నమోదైతే ఆ సహాయం అందదు. కారణాన్ని సరిగా రాయడం మా వైద్యుల బాధ్యత.

మిగిలిన బాధ్యత అందరిదీ. పని ఉదయం, సాయంత్రాలకు మార్చండి. కొత్తగా చేరినవారికి మొదటి వారం తక్కువ పని ఇవ్వండి. దాహం వేయకముందే నీళ్లు, మజ్జిగ, అంబలి తాగించండి. జేబులో ఉల్లిగడ్డ వడదెబ్బను ఆపదు. ఎవరైనా తికమకగా మాట్లాడినా, తూలినా “కాసేపు కూర్చో” అని వదలకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు. ముందు చల్లబరచడం, తరువాతే తరలించడం: మొదటి అరగంటే ప్రాణాన్ని నిలబెడుతుంది.

మెల్‌బోర్న్ కోర్టులో ఒకరు కూలిపోతే లోకమంతా చూసింది, నిబంధన మారింది. మన చేలల్లో కూలిపోయేవారిని మనమే చూడాలి.