రంగం బండ్లు, మనోళ్ల భుజాలు

ఎపిసోడ్ వినే తీరిక దొరకని వాళ్ల కోసం ఈ రాత. ఈసారి కథ యాంగోన్‌ది. మన ముత్తాతల నోట అది రంగం. మీరు దుబాయ్, కువైట్, మస్కట్ వెళ్లినట్టే, ఒకప్పుడు శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా జనం రంగం వెళ్లేవారు.

అక్కడ మనోళ్లని కోరంగీలు అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు అది. 1839 తుపాను ఆ రేవును దెబ్బతీసింది. తర్వాత స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నం నుంచి వెళ్లినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లేవాడు, కూలిలోంచి కోసుకునేవాడు. ఏజెంటు అప్పు తీర్చడానికి మొదటి ఏడాది జీతం పోగొట్టుకున్న వాళ్లకి ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

రేవులో బస్తాలు మోసింది వాళ్లే, ఊళ్లో రిక్షాలు లాగినవాళ్లలోనూ ఎక్కువమంది వాళ్లే. చేత్తో లాగే రిక్షాకి కమాను పట్టీలు ఉండేవి. సీట్లో కూర్చున్నవాడికి కుదుపు తెలియకుండా చేసేవి అవే. లాగేవాడి మోకాళ్లకీ నడుముకీ మాత్రం ఏ స్ప్రింగూ లేదు. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. అంతమంది ఉన్నా భద్రత లేదు. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు రేవు కార్మికులు సమ్మె చేశారు. వాళ్ల బదులు బర్మీయుల్ని పనిలోకి తీసుకున్నారు. సమ్మె తీరాక ఆ బర్మీయుల్ని పొమ్మన్నారు. ఇద్దరూ పేదోళ్లే. గొడవ ముదిరి వందకు పైగా ప్రాణాలు పోయాయి, చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది భారతీయులు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది అడవుల గుండా నడిచి ఇండియా దారి పట్టారు. దారిలో రాలిపోయినవాళ్లకి లెక్కే లేదు.

యుద్ధం ముగిశాక మిత్రసేనల ట్రక్కులు అక్కడే మిగిలాయి. షెవర్లే ట్రక్కులకి చెక్క బాడీ కట్టి సిటీ బస్సులు చేశారు. అవి అరవై ఏళ్లకు పైగా తిరిగాయి. 1954లో జపాన్‌తో కుదిరిన నష్టపరిహారం ఒప్పందం వల్ల హినో ట్రక్కులు, మాజ్డా చిన్న బండ్లు అక్కడ బిగించడం మొదలైంది. 1962లో సైన్యం అధికారంలోకి వచ్చింది. దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు. మనోళ్లు మళ్లీ ఓడలెక్కారు. విశాఖలోని బర్మా క్యాంపు పేరు వెనకున్నది ఆ రాకే. దిగుమతులు బిగిసిపోవడంతో యాంగోన్‌లో ఉన్న బండినే బతికించుకోవాల్సి వచ్చింది. 1970లో రోడ్డుకి కుడివైపు నడపాలని రూలు మార్చారు. స్టీరింగు మాత్రం చాలా బండ్లకి కుడివైపే ఉండిపోయింది.

గ్యారేజీలో పనిచేసే తమ్ముళ్లకి ఇక్కడో మాట. పాత డాట్సన్ 240జెడ్ లాంటి స్పోర్ట్స్ కారుకి ముందు స్ట్రట్ ఇన్సర్ట్ మార్చడం కొందరికి సరదా. అదే రకం స్ట్రట్లున్న పాత కరోలాని నమ్ముకుని టాక్సీ నడిపేవాడికి మాత్రం అది కూడు. పని ఒకటే. ఆయిల్ కారిపోయిన స్ట్రట్ బండిని ఊపేస్తుంది, టైరుని అక్కడక్కడా తినేస్తుంది. గొట్టం పారేయక్కర్లేదు. పైమూత విప్పి, పాత పిస్టన్ తీసి, ఆయిల్ వంపేసి, కొత్త ఇన్సర్ట్ దింపుతారు. వేడి బయటికి పోవడానికి దాని చుట్టూ కాస్త ఆయిల్ పోసి మూత బిగిస్తారు. గొట్టం పాతదే, లోపలి సరుకు కొత్తది. ఒక్క విషయం మర్చిపోవద్దు: క్లాంపులతో స్ప్రింగుని నొక్కి పట్టకుండా పైనట్టు విప్పొద్దు. ఎగిరిన స్ప్రింగు ప్రాణం తీస్తుంది. ఫోర్‌మన్ ఎంత తొందరపెట్టినా సరే, ముందు క్లాంపులు.

2011 సెప్టెంబరులో ప్రభుత్వం కొత్త పథకం తెచ్చింది. నలభై ఏళ్లు దాటిన బండి అప్పగిస్తే కొత్తది దిగుమతి చేసుకునే పర్మిట్ ఇస్తామంది. తర్వాత ఆ వయసు తగ్గించారు. దశాబ్దాలపాటు అతికించి, కుట్టి, నడిపించిన బండ్లు వరుసగా తుక్కుకి వెళ్లాయి. కనీసం వాటికి బదులుగా ఒక పర్మిట్ కాగితం దక్కింది.

రిక్షా లాగిన మనిషికి అదీ దక్కలేదు. అందుకే అడుగుతున్నా: మీ ఇంట్లో రంగం వెళ్లొచ్చిన తాతగారి మాట ఎవరికైనా గుర్తుందా? ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి. ఆయన పేరు, ఎక్కిన రేవు, చేసిన పని ఒక కాగితం మీద రాయించండి. మీ సంగతులు కూడా రాసి పెట్టుకోండి. రేపు మీ మనవళ్లకి కావాలి.

ఉంటాను. జాగ్రత్త.