యానాదులు

నెల్లూరు, చిత్తూరు సీమలలో పుట్టినవారికి యానాదులు క్రొత్తవారు కారు. “అనాది” శబ్దమే యానాది అయినదని పెద్దలు చెప్పుదురు. ఆ వ్యుత్పత్తి నిలుచునో నిలువదో వైయాకరణులు తేల్చుకొందురు గాక. వీరి భాష తెలుగే. మంచి యానాదులు, చల్లా యానాదులు మున్నగు తెగలు వీరిలో గలవు.

మన పుత్తూరునకు తూర్పుగా, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట వీరికి పుట్టినిల్లు వంటిది. అచ్చటి యడవిలో తేనె, కుంకుడుకాయలు, చింతపండు, బురదనీటిని తేర్చు చిల్లగింజలు ఏరుకొని బ్రతికిరి. ఏ వేరు ఏ రోగమునకు పనికివచ్చునో వీరికి తెలియును. 1835లో ఆ దీవి కుంపిణీ ప్రభుత్వమువారి వశమయ్యెను. అది మొదలు అడవి సరకు దొరతనమువారి సొత్తు; యానాది దానిని ఏరితెచ్చి యిచ్చు కూలివాడు. 1882 నాటి మద్రాసు అటవీ శాసనముతో తక్కిన కొండలయందును హద్దురాళ్ళు వెలసెను.

ఇట్టి గతి మన దేశముననే కాదు. ఉత్తర అమెరికా మైదానములలో బ్లాక్‌ఫుట్ అను జాతివారు, అనగా నల్లపాదములవారు, అడవిదున్నల మందలను నమ్ముకొని యుండిరి. మాంసము వారికి ఆహారము, చర్మము గుడారము. 1877లో కెనడాయందలి వారి పెద్దలు తెల్లవారి యొడంబడికపై గురుతులు పెట్టిరి. కొన్ని యేండ్లలోనే మందలు నశించెను. 1883–84 చలికాలమున సరిహద్దునకు దక్షిణముననున్న వారి దాయాదులు వందలకొలదిగా ఆకలిచే మరణించిరి.

మన యానాదులకు అడవి దూరమైనను పల్లె మిగిలెను. వరికోతలైన పిమ్మట కుండలో గడ్డి కూరి నిప్పంటించి, మూతిని ఎలుక బొరియకు ఆనించి, అడుగునగల బెజ్జముగుండ ఊదుదురు. పొగకు ఎలుకలు చచ్చును. తరువాత బొరియ త్రవ్వి ఎలుకలను, అవి దాచిన వడ్లను తీసికొందురు. ఆ వడ్లను రైతు అడుగడు. నేను చదువు చెప్పిన కాలమున కోతల దినములలో యానాది పిల్లలు బడికి వచ్చుట అరుదు. వారి పాఠము పొలముననే జరుగుచుండెను.

కళ్ళముకడ రాత్రి కాపలాకును రైతు యానాదినే పిలిచెడివాడు. ఇక శాసనపు తీరు వినుడు. నేరస్థజాతుల శాసనము 1911లో చెన్నరాజధానికి వ్యాపించెను. కాలక్రమమున కొన్ని యానాది గుంపులను గూడ ఆ పట్టీలో చేర్చిరి. పేరెక్కినవాడు పోలీసులకడ హాజరు చెప్పుకొనవలెను. సెలవు లేక ఊరు కదలరాదు. ఊరివారి ధాన్యమునకు కావలియుండ దగినవాడు పొరుగూరికి పోదగనివాడెట్లయ్యెనో నాకు నేటికిని బోధపడదు. వెన్నెలకంటి రాఘవయ్యగారు వీరికొరకు చిరకాలము పాటుపడిరి. 1952లో ఆ శాసనము రద్దయ్యెను.

శ్రీహరికోట మాట మిగిలినది. 1971 అక్టోబరు 9న అచ్చటినుండి మొదటి రాకెట్టు లేచెను. ఆ కేంద్రము నిమిత్తము దీవిని తీసికొన్నపుడు పెక్కు యానాది కుటుంబములు గూడెములు విడువవలసి వచ్చెను. మన చేలలోనో, ఇపుడు ఎలుకలకు మందు పెట్టుచున్నారు. మందు పెట్టిన బొరియలోని వడ్లు తినరానివి. అందుచేత యానాది గట్టెక్కగానే, “మందు పెట్టినారా సామీ?” అని యడుగును, పెట్టితిమన్నచో కుండ చంకనిడుకొని మరియొక చేనికి పోవును.