హార్మోనియపు నాలుకలు, వానిని సరిచేయు పనిముట్లు



శ్రీరామనవమి భజనలో హార్మోనియపు మెట్టొకటి మూగవోయినచో ఏమగునో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్ట గ్రామములవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ స్వరము వచ్చినప్పుడెల్ల పాడువాడు గొంతు పెంచి లోపమును కప్పుకొనవలెను. మరునాడు పెట్టె చెడినదని అటకమీద పెట్టుదురు. చెడినది పెట్టె కాదు. అందులోని సన్నని ఇత్తడి నాలుక యొక్కటి.

గాలికి ఊగి పలుకు ఇట్టి నాలుక చైనావారి షెంగ్ అను వాద్యమున ప్రాచీనకాలము నుండి కలదు. ఐరోపాలో 19వ శతాబ్దిన ఆ సూత్రముమీదనే నోటితో ఊదు మౌతార్గాను, కాలితో త్రొక్కు హార్మోనియము రెండును వెలసినవి. కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ హార్మోనియమునకు చేతి తిత్తి నమర్చి, నేలపై కూర్చుండు మన గాయకులకు అనుకూలముగ చేసెను. 1885లో కడప మండలమున పుట్టిన సురభివారు మొదలుగా నాటక సమాజములవారు దానిని ఊరూర త్రిప్పిరి. బండి కుదుపు, ఎండ, దుమ్ము దాని శత్రువులు. కాబట్టి వాయించువానికే కొంత మరమ్మతు తెలియవలసివచ్చెను.

పనిముట్లు ఇంటనే చేసికొనదగినవి. పాత గడియారపు స్ప్రింగు ముక్క యొకటి నాలుక క్రింద దూర్చి ఆనిక పెట్టుటకు. అరిగిన ఆకురాయి కొనను సానపట్టి ఉలివలె చేసినది గీకుటకు. దుమ్ము తీయుటకు పలుచని కాగితము. మూగవోయిన నాలుకకు మొదట కాగితమే చాలును. సందులో వెండ్రుక చిక్కినను అది పలుకదు. కొన పలకకు మరీ అంటుకొనినచో పలుకదు. మరీ లేచినచో గాలిని మ్రింగి ఆలస్యముగ పలుకును.

ఇక శ్రుతి. కొనయందు గీకినచో బరువు తగ్గి నాలుక వడిగ ఊగును, శ్రుతి ఎక్కును. మూలమున గీకినచో బిగువు తగ్గి శ్రుతి దిగును. గీత నిలువుగనే పోవలెను. అడ్డముగ పడిన గీతవద్ద నాలుక ఒకనాడు విరుగును. నేర్చుకొను దినములలో నేనొక పంచమము నట్లే పోగొట్టుకొంటిని. ఉదయగిరిలో కొండకొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కు పనివారు దీనిని నాకంటె బాగుగ నెరుగుదురు: ఆకురాయి తీసినది మరల అతుకదు. అయితే వారి చేతికి కన్ను సాక్షి, ఈ పనికి చెవి సాక్షి.

ఈ చిన్న పనిముట్టునకు పెద్ద వివాదముతో సంబంధము కలదు. 1940 మార్చి 1వ తేది నుండి ఆలిండియా రేడియో హార్మోనియమును బహిష్కరించెను. దాని స్వరములు స్థిరములు, గమకము పలుకదు అనునవి ముఖ్యాక్షేపణలు. గమకము మాట నిజమే. ఏ ఆకురాయియు దానిని తేలేదు. స్వరస్థానము మాట అట్లు కాదు. షడ్జము సెకండుకు 240 కంపనములైనచో మన చెవి కోరు అంతర గాంధారము 300. స్థాయిని పండ్రెండు సమభాగములు చేసిన పెట్టెలో అది 302కు పైబడి మోగును. తంబురా ప్రక్కన ఆ తేడా కొట్టవచ్చినట్లు వినిపించును. ఆ నాలుకను మూలమున రెండు మూడు గీతలు గీకి, చల్లారనిచ్చి, మరల వినుచు 300కు దింపవచ్చును. అట్లు దింపిన గాంధారము ఆ షడ్జమునకే చెల్లును. గాయకుడు వేరొక మెట్టును షడ్జముగ గైకొనినచో అదియే అపస్వరమగును. అందుచే పలువురితో పాడు భజన పెట్టెకు ఈ పని చేయరాదని నా అభిప్రాయము. ఒక్క గాయకునికే తోడుండు పెట్టెకు తప్పక చేయవలెను.

1971లో రేడియోవారు నిషేధమును కొంత సడలించిరి. పెట్టె మరల స్టూడియోలోనికి వచ్చినది, పక్కవాద్యముగ మాత్రమే.