చిట్టెలుకకు మీటలెన్ని?

పాతకాలపు రేడియో పెట్టెలు కొన్నింటికి ముందువైపున వరుసగా నాలుగైదు నొక్కుడు మీటలుండేవి. ముల్లును అటూ ఇటూ త్రిప్పి వెదకే శ్రమ లేకుండా మీట నొక్కినంతనే కోరిన కేంద్రం పలికేది. అందులోని సౌకర్యం వేగం ఒక్కటే కాదు. ఏ మీటకు ఏ కేంద్రమన్నది ముందుగా అమర్చుకొనే స్వేచ్ఛ ఆ ఇంటివారిదే. పెట్టెను చేసినవాడు మీటను ఇచ్చినాడు. దానికి అర్థాన్ని ఇచ్చినవాడు శ్రోత.

నేడు కంప్యూటరు ప్రక్కన చేతిక్రింద ఒదిగియుండే మౌస్ అనే పరికరం విషయంలో ఇదే ప్రశ్న అరువది సంవత్సరాలుగా నలుగుతున్నది. దానికి ఎన్ని మీటలుండాలి? ఆ మీటలు ఏమి చేయాలో నిర్ణయించవలసినది ఎవరు? ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చును. కాని పనిముట్టు మనిషికి అమరవలెనా, మనిషి పనిముట్టుకు అమరవలెనా అన్న పెద్ద ప్రశ్న దీని వెనుక దాగియున్నది.

మౌస్‌ను ఊహించినవారు డగ్లస్ ఎంగెల్‌బార్ట్. ఆయన 1925లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగరంలో జన్మించినారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళంలో చేరి రాడార్ పని నేర్చినారు. రేడియో తరంగాలు తెచ్చిన వార్త ఒక తెరపై చుక్కలుగా వెలుగుతుంటే, ముందున్న మనిషి మరలు త్రిప్పి దానిని చదువుకొనడం ఆయనకు పరిచితమైన విద్య. కంప్యూటర్లు తమ ఫలితాలను చిల్లుల కార్డులపైనా కాగితంపైనా అచ్చొత్తుతున్న రోజులలో, అవి కూడా తెరపై మనిషితో ముఖాముఖి వ్యవహరించవచ్చునన్న తలంపు ఆయనకు కలగడానికి ఆ అనుభవమే మూలం.

1957లో ఆయన కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో చేరినారు. మానవుని బుద్ధిశక్తిని పెంపొందించుటకు యంత్రం ఏ విధంగా తోడ్పడగలదో వివరిస్తూ 1962లో ఒక నివేదిక వెలువరించినారు. అందులో ఒక చిత్రమైన ప్రయోగమున్నది. పెన్సిలుకు ఒక ఇటుక కట్టి, దానితో వ్రాయించి చూచినారు. వ్రాత నెమ్మదించినది, అక్షరాలు వంకరపోయినవి. పెన్సిలే అంత బరువైన వస్తువై యుండిన పక్షంలో మనం వ్రాసే తీరు మాత్రమే కాదు, ఆలోచించే తీరు కూడా వేరుగా ఉండెడిదని ఆయన వాదం. చేతిలోని పరికరం చిక్కుపెడితే తలలోని తలంపు ఆగిపోతుంది. ఎన్నోసార్లు కలం మొరాయించి వాక్యం మరచినవారికి దీనిని వేరే రుజువు చేయనక్కరలేదు.

తెరపై ఒక చోటును చూపడానికి ఏ పరికరం మేలన్న పరిశోధన ఆ తరువాతిది. ఎంగెల్‌బార్ట్ ఊహకు ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చినారు. కొయ్యతో చేసిన చిన్న డబ్బా. దాని అడుగున ఒకదానికొకటి అడ్డంగా నిలిపిన రెండు లోహచక్రాలు. పైన ఒకే ఒక మీట. తోక వలె వెలువడిన తీగను చూచి ఎవరో ఎలుక అన్నారు. ఆ పేరే నిలిచిపోయినది. ఎవరు పెట్టినారో తరువాత ఎవరికీ జ్ఞాపకం లేకపోయినది. దీనిని లైట్ పెన్‌తోనూ, మోకాలితో కదిపే మరొక పరికరంతోనూ పోల్చి పరీక్షించినారు. ఆ పరీక్షలలో తేలిన సంగతి గమనింపదగినది. క్రొత్తవారి చేతిలో తక్కినవే త్వరగా నడిచినవి; అలవాటు పడినవారి చేతిలో మౌస్ వాటిని మించినది. సులభంగా పట్టుబడేదీ, పట్టుబడిన తరువాత ఎక్కువ పని చేసిపెట్టేదీ ఒకటే కానక్కరలేదన్నమాట.

1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు వేయిమంది నిపుణుల ఎదుట ఎంగెల్‌బార్ట్ తొంబది నిముషాలపాటు తమ యంత్రాన్ని నడిపి చూపినారు. నాటికి మౌస్‌కు మూడు మీటలు వచ్చినవి. కుడిచేతి క్రింద మౌస్. ఎడమచేతి క్రింద అయిదు మీటల చిన్న ఫలకం. వీణపై స్వరాలను కలిపినట్లు ఆ అయిదింటిని వేరువేరు కూర్పులుగా నొక్కితే ముప్పదియొక్క సంకేతాలు ఏర్పడతాయి. మౌస్ మీటలను తోడు చేస్తే ఆ సంకేతాల అర్థం మారుతుంది. చేయి కదలనక్కరలేదు, చూపు తెరను విడువనక్కరలేదు. కాని ఆ కూర్పులన్నీ కంఠస్థం చేయవలసియుండెను.

అందుకు ఎదురుపక్షం కొలదికాలంలోనే తలయెత్తినది. సామాన్యునికి ఇన్ని సంకేతాలు నేర్చుకొనే తీరిక ఎక్కడిదని లారీ టెస్లర్ వంటివారు అడిగినారు. మొట్టమొదటిసారి యంత్రం ముందు కూర్చున్నవాడు ఏ మీట నొక్కాలో తెలియక తడబడరాదని వారి పట్టుదల. 1983లో ఆపిల్ సంస్థ వెలువరించిన లీసా యంత్రానికీ, మరుసటి యేడు వచ్చిన మెకింటాష్‌కూ ఉన్నది ఒక్కటే మీట. ఈ వాదాన్ని త్రోసిపుచ్చలేము. కంప్యూటరును ఇంటింటికీ చేర్చినది ఆ సౌలభ్యమే. ఎంగెల్‌బార్ట్ మాత్రం మూడుచక్రాల బండిని ఉపమానంగా చెప్పేవారు. అది ఎవరికైనా వెంటనే వస్తుంది, నిజమే. అయితే నాలుగు రోజులు పడి లేచి సైకిలు నేర్చుకొన్నవాడు ఊరు దాటి వెళ్లగలడు.

ఈ రెండు పక్షాల మధ్య మీటలు మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చినవి. మైక్రోసాఫ్ట్ సంస్థ 1983లో రెండు మీటల మౌస్‌ను, 1996లో మధ్యన చక్రమున్న మౌస్‌ను వెలువరించినది. అదే సంస్థ 1999లో బొటనవ్రేలి ప్రక్కన మరి రెండు మీటలు చేర్చినది. ఆటల కొరకు 2009లో వచ్చిన రేజర్ నాగా అనే మౌస్‌కు బొటనవ్రేలి వైపుననే పండ్రెండు మీటలు. అసలు మార్పు లెక్కలో కాదు, అధికారంలో వచ్చినది. ఈ మీటలకు అర్థాన్ని వాడుకరే నిర్ణయించుకొనవచ్చును.

ఇది పనిచేసే తీరు సరళమే. మీట నొక్కినప్పుడు మౌస్ కంప్యూటరుకు ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతాన్ని ఏమని గ్రహించాలో కంప్యూటరులోని ఒక చిన్న కార్యక్రమానికి మనం చెప్పి ఉంచుతాము. ‘నకలు తీయుము’ అనవచ్చును. ‘వెనుకటి పుటకు పొమ్ము’ అనవచ్చును. నాలుగైదు మెట్ల పనిని ఒక్క వరుసగా కూర్చి ఒకే మీటకు అప్పగింపవచ్చును. కొన్ని మౌస్‌లలో స్వంత జ్ఞాపకశక్తి కూడా ఉన్నది. మరొక యంత్రానికి తగిలించినా అవి మన అమరికను మరచిపోవు.

దీని ప్రయోజనం పనిచేసేవారికే తెలుస్తుంది. ధ్వనిముద్రణలను సరిచేసే మావంటివారు ప్రసంగకర్త దగ్గునో తడబాటునో గుర్తించడం, కోయడం, మరల వినడం అనే మూడు పనులను గంటలకొలది చేస్తుంటాము. ఆ మూడింటినీ బొటనవ్రేలి అందుబాటులో ఉంచుకొన్ననాడు చెవి పనిపైననే నిలుస్తుంది. పద్దులు వ్రాసే గుమాస్తాకు, పటాలు గీసే ఇంజనీరుకు కూడా ఇటువంటి పనులే ఉంటాయి. తెలుగు వ్రాసేవారి సంగతి ఇంకొకటి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి యూనికోడ్ పద్ధతిలో ఆరు సంకేతాలు కావాలి. తెలుగునుండి ఇంగ్లీషుకు, ఇంగ్లీషునుండి తెలుగుకు దినమంతా మారుతుండవలెను. ఆ మార్పును ఒక మీటకు అప్పగిస్తే వ్రేళ్లకు కొంత ఊరట.

అందరికంటె ఎక్కువ మేలు పొందేవారు వేరే ఉన్నారు. వ్రేళ్లు వణకేవారికి ఒకే చోట వెంటవెంటనే రెండుసార్లు నొక్కడం పరీక్షయే. ఆ రెండు నొక్కులనూ ఒకే మీటకు అమర్చవచ్చును. ఒక్క చేయి మాత్రమే పనిచేసేవారికి రెండు చేతుల కూర్పులు సాధ్యం కావు. ఎడమచేతి వాటమువారికి కుడియెడమలు తారుమారు కావాలి. కర్మాగారం నిర్ణయించిన మీట వీరికి అడ్డుగోడ. తాము నిర్ణయించుకొన్న మీట తలుపు.

హెచ్చరిక కూడా చెప్పవలసియున్నది. అమర్చిన మీటలన్నీ గుర్తుండవు. రెండు మూడింటితో ఆరంభించి అలవాటైన పిమ్మట పెంచుకొనడం మేలు. పలువురు వాడే యంత్రంలో ఒకరి అమరిక మరొకరికి అయోమయం. మణికట్టు నొప్పికి మీటలు మందు కావు. విశ్రాంతికి బదులు మరొకటి లేదు.

ఎంగెల్‌బార్ట్ 2013లో కన్నుమూసినారు. మౌస్‌పై 1970లో మంజూరైన పేటెంటు ఆయన పనిచేసిన సంస్థకు చెందినది. అందువలన ఆయనకు రాజభాగం దక్కలేదు. ఆయన ఆశించినంతగా అయిదు మీటల ఫలకం లోకంలో వ్యాపించలేదు. కాని ఎదురుపక్షము కూడా పూర్తిగా గెలువలేదు. నేటి మౌస్ మొదటి రోజున రెండు మీటలతో క్రొత్తవానికి భయం లేకుండా అలవడుతుంది. పని పెరిగినకొలదీ అతనితోపాటు తానూ పెరుగుతుంది. సౌలభ్యమా, నైపుణ్యమా అన్న పాత తగాదాకు లభించిన రాజీ ఇదే.

మీ ఇంట కంప్యూటరుంటే దినానికి పదిసార్లు విసుగుతో చేసే పని ఏదో ఒకమారు గమనించండి. మీ మౌస్‌కు ఖాళీగా ఒక మీట ఉన్నట్లయితే దానికి ఆ పనిని అప్పగించండి. ఆ మీటకు అర్థమివ్వవలసినవారు మీరే.